విల్లు రోజుల్లో తుపాకి విల్లు

చిన్నపుల్లయ్య బాబాయ్ ప్రస్తావన వస్తే చాలు, మా ఆయన దొరబాబు మొదట ఆ బాబాయ్ మొండితనమే ఎత్తుతాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మొండితనమే లేకపోతే ఇవాళ నేనూ లేను, నా కూతురు బేబీ లేదు, మా ఆయనకి ఇలా కాళ్ళు బార్లా చాపుకుని కబుర్లు చెప్పే యోగమూ లేదు. అందుకని ఈ సంగతి నేనే చెబుతాను. మధ్యలో ఆయన్ని నోరు విప్పనివ్వను.

నా పేరు సత్యలక్ష్మి. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. ఎనభై ఏడులో ఇద్దరం కువైత్ వచ్చాం. నాది వంట, ఆయనది డ్రైవరు పని, ఒకే ఇంట్లో. ఆ ఇంట్లో ముసలాయన్ని అందరం పెద్ద బాబా అనేవాళ్ళం. ఆయన కొడుకు జాసిం మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. మేం హవల్లీలో ఒక గదిలో ఉండేవాళ్ళం. గురువారం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుని వఫ్రాలో ఉన్న వాళ్ళ తోటకి బయల్దేరేవారు. గిన్నెలూ బియ్యమూ నేను, బండి ఆయన.

ఆ తోటలో పనివాడు చిన్నపుల్లయ్య బాబాయ్. ఆయనది కడప జిల్లాలో రాయచోటి అవతల గుట్టల మధ్య ఊరు. తాతల నాటి నుంచీ వేట తెలిసిన బోయ ఇల్లు. పదకొండేళ్ళుగా ఆ ఎడారి తోటలో టమాటా మడులూ మేకలూ గడ్డీ చూసుకుంటూ ఉండిపోయాడు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. రేగుకొమ్మ చెక్కి తనే చేసుకున్న విల్లు ఒకటి ఉండేది. మడుల్లోకి దిగి లేత ఆకు కొరికేసే కుందేళ్ళని దానితో కొట్టేవాడు. వేటకి బయల్దేరే ముందు వింటికి నారి కట్టేవాడు, తిరిగి రాగానే విప్పేసేవాడు. విప్పిన విల్లు పట్టుకుని మేకల వెనక నడుస్తుంటే చూసినవాళ్ళు చేతికర్ర అనుకునేవారు.

పెద్ద బాబాకి ఆ విల్లంటే ప్రాణం. ఒకప్పుడు వలస పిట్టలు దిగే కాలంలో ఊళ్ళోంచి స్నేహితులు తుపాకులేసుకుని తోటకి వచ్చేవారట. ఒక ఏడు వాళ్ళ గుళ్ళు గడ్డి కోస్తున్న పనివాడి పిక్కలో దిగాయి. పెద్ద బాబా ఆ రోజే తీర్పు చెప్పేశాడు. ఎండాకాలం చివర ఆకాశంలో సుహైల్ చుక్క కనబడిన దగ్గర్నుంచి నలభై రోజులు తన తోటలో తుపాకి మమ్నూ, అంటే నిషేధం. వేటాడాలని సరదా ఉన్నవాడు విల్లు పట్టుకు రావాలి. ఆ నలభై రోజుల్నీ మేం విల్లు రోజులు అనేవాళ్ళం. పెద్దపెద్ద షేకులు చిన్నపుల్లయ్య బాబాయ్ దగ్గర నిలబడి విల్లు ఎలా పట్టుకోవాలో నేర్చుకునేవారు. ఒక్కడి బాణమూ తగిలేది కాదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఎనభై ఎనిమిదిలో జాసిం బాబా లండన్ నుంచి క్రాస్‌బో అని ఒకటి తెచ్చాడు. చూడ్డానికి తుపాకిలాగే ఉంటుంది, భుజానికి ఆనించే మడమా వేలితో నొక్కే మీటా అన్నీ ఉంటాయి. కాకపోతే గొట్టం ఉండాల్సిన చోట అడ్డంగా విల్లు బిగించి ఉంటుంది. ముందున్న ఇనప కడియంలో కాలు పెట్టి తొక్కిపట్టి, రెండు చేతులా నారిని లాగి కొక్కేనికి తగిలించాలి. ఆ తరవాత గంటసేపైనా అది అలాగే ఉంటుంది. మనం తీరిగ్గా గురి చూసి మీట నొక్కడమే. మావాళ్ళు దానికి తుపాకి విల్లని పేరు పెట్టారు.

దాన్ని విల్లు రోజుల్లో రానివ్వాలా వద్దా అని మగవాళ్ళు కబుర్లకి కూర్చునే దివానియాలో పెద్ద పంచాయితీ జరిగింది. విల్లు ఉంది, నారి ఉంది, బాణం ఉంది, చప్పుడు లేదు, ఇంకేం కావాలి అని జాసిం బాబా. భుజాలు పట్టేసిన ముసలివాళ్ళం మేం కూడా సరదా తీర్చుకుంటాం కదా అని ఇద్దరు స్నేహితులు. పెద్ద బాబా ఏమీ తేల్చకుండా, చిన్నపుల్లయ్యని పిలవండి అన్నాడు. బాబాయ్ మట్టి చేతులతోనే వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆయన వచ్చీరాని అరబీలో చెప్పింది తెలుగులో చెప్పాలంటే ఇదీ.

“చెయ్యి పట్టుకున్నంత సేపే అది విల్లు సామీ. కొక్కెం పట్టుకుంటే అది బోను. బోనుకు ఆయాసం రాదు, చేతికి వస్తాది. చెయ్యి వణికేలోపల వదలాల. ఆలోపల కుందేలు పసిగట్టి ఉరికిందనుకో, దాని నూకలు దానికుండాయి. ఆ పాటి సందు లేకుంటే వేటెందుకు, అంగట్లో కొనుక్కోరాదా?”

పెద్ద బాబా పకపకా నవ్వి ఖలాస్ అన్నాడు. తుపాకి విల్లు మమ్నూ. జాసిం బాబా మూతి ముడుచుకుని దాన్ని పెట్టెలో పెట్టేశాడు. అతనికన్నా మా ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది. ఏడాదిగా బాబాయ్ వెనక తిరిగి విల్లు నేర్చుకుని నీళ్ళ ట్యాంకు తప్ప దేన్నీ కొట్టలేకపోయిన మనిషి మరి! “ఆయ్, నీకు చేతనయింది కాబట్టి నీతులు చెబుతున్నావు బాబాయ్. మాలాంటోళ్ళు ఏటైపోవాలి?” అని కనబడినప్పుడల్లా గిల్లేవాడు. “నువ్వు టమాటాలు కోసుకోరా నాయనా, అవి ఉరకవు” అనేవాడు బాబాయ్.

అదంతా కడుపు నిండిన రోజుల వేళాకోళం. తొంభైలో ఆగస్టు రెండున తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు రోడ్ల మీదున్నాయి. జాసిం బాబా పెళ్ళాంబిడ్డలతో అప్పటికే లండన్‌లో ఉన్నాడు. ఇంట్లో పెద్ద బాబా, పనివాళ్ళం మేమూ. నాకు ఎనిమిదో నెల. నాతో పాటు ఆ ఇంట్లో పనిచేసే కుల్సుమ్ బీ అక్కది కూడా కడప పక్కే. ముసలాయన మమ్మల్ని ముగ్గుర్నీ పాత పికప్‌లో ఎక్కించుకుని వఫ్రా తోటకి తీసుకొచ్చేశాడు. తన తుపాకుల్ని మొదటి వారంలోనే పాడుబడ్డ బావిలో పారేశాడు. ఆయుధం దొరికితే ఇంటి ముందే నిలబెట్టి కాల్చేస్తున్నారని చెప్పుకుంటున్నారు. మా ఆయన పికప్ చక్రాలు విప్పి గడ్డిమోపుల కింద దాచాడు. లేకపోతే అదీ పోయేది. కోళ్ళూ మేకలూ ఎలాగూ పోయాయి. సిపాయిలు రెండుసార్లు వచ్చి తోలుకుపోయారు.

సెప్టెంబరు మొదటి వారంలో మనవాళ్ళని బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కణ్ణించి విమానాల్లో బొంబాయి తీసుకెళ్తున్నారని తెలిసింది. తోటలో ఉన్న మిగతా పనివాళ్ళంతా పేర్లు రాయించుకుని వెళ్ళిపోయారు. నేను నిండు చూలాలిని. ఎడారిలో అన్ని రోజుల బస్సు, సరిహద్దులో గుడారాలు. మధ్యలో నొప్పులొస్తే దిక్కెవరు? కుల్సుమ్ బీ అక్క నా పురుడు పోసే కదులుతానంది. బాబాయ్ పేరు ఆ జాబితాలో ఉంది. ఆయన పోలేదు.

“నువ్వు ఎల్లిపో బాబాయ్, మా కోసం ఎందుకు?” అన్నాను.

“నీ మొగుడు కుందేలు కొట్టుకొచ్చి నీకు పెడతాడా?” అన్నాడు. విల్లు తీసుకుని మడుల వైపు వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు పదమూడున బేబీ పుట్టింది. తోట వెనక పనివాళ్ళ గదుల్లో చివరి గది నా పురిటి గది. నెత్తురు చాలా పోయింది. మూడో రోజున లేచి నిలబడబోతే కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను. పాలు చాలక పిల్ల కీచుకీచుమని ఏడ్చేది. డబ్బా పాలు వఫ్రాలో ఎవరి దగ్గరా లేవు. మిగిలింది పురుగుపట్టిన బియ్యం, ఖర్జూరాలు, వడిలిన టమాటాలు. కుల్సుమ్ బీ అక్క మా ఆయన్ని గుమ్మం బయటికి పిలిచి చెప్పిన మాట నాకు వినబడింది. “అక్టోబరు పది దాటితే విమానాలు ఉండవంటాండారు. నీ పెండ్లానికి మాంసం, కార్జం పడితేనే లేస్తాది. లేకుంటే ఈ బిడ్డను ఎత్తుకుని బస్సు ఎక్కలేదు, ఎక్కినా దిగదు.”

అదీ మా పరిస్థితి. ఇంకో మూడు వారాల్లో నేను లేచి నడవాలి. నడవకపోతే నేనూ నా బిడ్డా అక్కడే.

బాబాయ్ తెల్లారగట్ట విల్లు పట్టుకుని వెళ్ళేవాడు. ఒక రోజు రెండు పూరేడు పిట్టలు, ఒక రోజు ఏమీ లేదు, ఒక రోజు కుందేలు. ముసలాయన తన వాటా కూడా నా గిన్నెలోకే తోసేసేవాడు. మా ఆయనకి అది చాల్లేదు. గడ్డికొట్టంలో మోపుల అడుగున జాసిం బాబా పెట్టె అలాగే ఉంది. “తుపాకి విల్లు తీద్దాం బాబాయ్. ఇద్దరం చెరో పక్క కాపలా కాస్తే రోజుకోటి దొరుకుద్ది” అన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. అది చూస్తే ఎవడైనా తుపాకే అంటాడు, దొరికితే అందర్నీ కాల్చేస్తారన్నాడు. పైగా ఇవి విల్లు రోజులన్నాడు. మా ఆయన తల బాదుకున్నాడు. “దేశమే పోతే ఇంకా విల్లు రోజులేటి!”

పురుడైన ఆరో రోజు నాకు ఒళ్ళు తెలియని జ్వరం. మర్నాడు తెలివొచ్చేసరికి బాబాయ్ కుడి చెయ్యి తువ్వాలుతో మెళ్ళోకి కట్టి ఉంది. భుజం దగ్గర ఎముక ఎత్తుగా పొడుచుకొచ్చి చర్మం నల్లబడింది. నీళ్ళ ట్యాంకు మీంచి పడ్డానన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. “ఈ వయసులో ట్యాంకు ఎక్కమని ఎవరు చెప్పేరు? ఇప్పుడు మాకెవరు కొట్టి తెస్తారు? బుద్ధి ఉండక్కర్లేదా?” అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆకలి మనిషి చేత ఎంత మాటైనా అనిపిస్తుంది. ఆయన తల వంచుకుని, “పొరపాటైందిలే అమ్మీ” అన్నాడు. కుల్సుమ్ బీ అక్క ఎందుకో నా మీద విసుక్కుని బయటికి వెళ్ళిపోయింది.

తరవాత అయిదు రోజులు మా ఆయన విల్లు పట్టుకు తిరిగాడు. బాబాయ్ పక్కనే ఉండి మోచెయ్యి ఎత్తరా, ఊపిరి బిగబట్టరా అని చెప్పేవాడు. ఏం లాభం? బాణాలు పోయాయి గానీ ఈక కూడా రాలలేదు. నేను గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే అయిదో అడుగుకి కూలబడిపోతున్నాను.

ఆరో రోజు బాబాయ్ తనంతట తానే పెద్ద బాబా దగ్గరికి వెళ్ళాడు. ఎవరికీ చెప్పకుండా పెట్టె విప్పేసి ఉంటే ఎవరు చూడొచ్చారు చెప్పండి? ఆయన అలా చెయ్యలేదు. నీళ్ళ పంపు గదిలో ముసలాయన సిపాయిలు గుర్తుపట్టకుండా మా పనివాళ్ళ లుంగీ కట్టుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా మా ఆయన, గుమ్మంలో కుల్సుమ్ బీ అక్క, గోడకి చేరగిలబడి ఒళ్ళో బిడ్డతో నేను. రెండేళ్ళ కిందటి పంచాయితీ మళ్ళీ మొదలైంది. ఈసారి తుపాకి విల్లు తరఫున మాట్లాడింది బాబాయే.

“దాన్ని బోను అన్నావు కదా” అన్నాడు పెద్ద బాబా.

“అన్నా సామీ. రెండు చేతులుండంగా అన్నా. అప్పుడు చెయ్యి లేవని ముసిలోళ్ళు అడిగితే నవ్వినా. అది తప్పే. నాకిప్పుడు చెయ్యి లేవడంల్యా. నారి లాగేదానికి దొరబాబు చేతులు అరువు తీసుకుంటా. వాడు లాగితాడు, నేను గురి చూస్తా. ఇద్దరమూ మనుషులమే గదా, దాన్ని విల్లనుకో.”

“కొక్కెం మాటేమిటి? చెయ్యి వణకదు కదా?”

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. మా ఆయన పళ్ళు కొరుక్కుంటున్నాడు. చివరికి పెద్ద బాబా తీర్పు చెప్పాడు. చెయ్యి లేవనివాడికి విల్లు రోజుల్లో తుపాకి విల్లు హలాల్. కానీ గురి పట్టిన దగ్గర్నుంచి పది లెక్కపెట్టేలోపల వదలాలి. పది దాటితే బాణాన్ని ఇసకలోకి కొట్టేయాలి. కుందేలు సందు కుందేలుకి ఉండాల్సిందే. యల్లా, వెళ్ళండి.

లెక్కపెట్టే పని మా ఆయనకి అప్పజెప్పారు. నోటితో లెక్కపెడితే కుందేలు వింటుంది కాబట్టి బాబాయ్ వీపు మీద వేలితో తట్టాలి. మర్నాడు తెల్లారేసరికి ఇద్దరూ గడ్డిమోపుల చాటున బోర్లా పడుకున్నారు. మా ఆయన తొక్కిపట్టి నారి లాగి తగిలించాడు, బాబాయ్ మడమని ఎడమ భుజానికి ఆనించి మోపు మీద ఆన్చుకున్నాడు. కుందేలు వచ్చింది. అది గడ్డి దుబ్బు వెనకాల చెవులు మాత్రం కనబడేలా కూర్చుంది. మా ఆయన తట్టడం మొదలెట్టాడు. ఆరు తట్టాడు, ఏడు తట్టడానికి గుటక మింగేంతసేపు తీసుకున్నాడు, ఎనిమిదికి అంతకు రెట్టింపు. తొమ్మిది తట్టాక వేలు గాల్లోనే ఆపేశాడు, ఆ చెవులు ఇవతలికి వచ్చేదాకా ఆపేద్దామని. బాబాయ్ టక్కున వింటిని కిందకి తిప్పి బాణాన్ని ఇసకలోకి కొట్టేశాడు. కుందేలు చెంగున పారిపోయింది.

“ఇంకా తొమ్మిదే తట్టేను కదా బాబాయ్!” అని అరిచాడు మా ఆయన.

“నువ్వు తట్టింది తొమ్మిదే. నాకూ లెక్క వచ్చురా.”

వట్టి చేతులతో వచ్చారు. సంగతి తెలిసి నాకు పూనకం వచ్చినంత పనైంది. “కుందేలు మీద ఉన్న జాలి నా బిడ్డ మీద లేదేటి బాబాయ్? మేం చచ్చేక పెట్టుకోండి మీ లెక్కలు!” అన్నాను. అంత మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనబడలేదు. మా ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి మాత్రం ఒక మాట చెప్పాడట.

“సామికి ఇల్లు పోయ, దూరాన ఉండే కొడుకు ఎట్లుండాడో తెలీదు, ఊరు పరాయోళ్ళ పాలాయ. ఆయన మాట చెల్లేది ఇంగ ఈ ఒక్క సంగతిలోనేరా. అది గూడా మనం పెరుక్కుంటే ఆయనకు ఇంగేముంటాది? రేపు తెస్తాలే, అమ్మికి చెప్పు.”

మా ఆయన వచ్చి ఆ మాట చెప్పి, మొదటిసారి బాబాయ్‌ని తిట్టకుండా ఊరుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను. గుమ్మం అవతల ముసలాయన బేబీకి ఏదో పాత అరబీ జోల పాడుతున్నాడు. గొంతు బొంగురు. అయినా పిల్ల ఊరుకుంది.

మర్నాడు కుందేలు రాలేదు. ఆ మర్నాడు వచ్చింది. మా ఆయన నిజాయితీగా తట్టాడు. ఏడో తట్టుకి బాబాయ్ మీట నొక్కాడు. దెబ్బ ఎడమ భుజానికి తగిలినా అదురు కుడి భుజానికి పాకి పళ్ళు బిగపట్టాడట. కుందేలు మాత్రం ఉన్నచోటే పడింది. కుల్సుమ్ బీ అక్క దాని కార్జం నిప్పుల మీద కాల్చి, ఉప్పు రాసి, నా నోట్లో పెట్టింది. ఆ రుచి నేను ఏ పెళ్ళి భోజనంలోనూ ఎరగను. కూర రెండు పూటలు వచ్చింది.

బాబాయ్ తినలేదు. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ప్రకారం మొదటి వాటా నారి లాగినవాడిదట. “లాగింది దొరబాబు. వాటా వాడిది, వాడి పెండ్లానిది. నాకేం హక్కుండాది?” అన్నాడు. రెండేళ్ళ పాటు తుపాకి విల్లు విల్లే కాదని వాదించినవాడు, ఆ రోజు నాకు ఇంకో నాలుగు ముద్దలు మిగల్చడం కోసం అది విల్లేనని ఒప్పేసుకున్నాడు. ఖర్జూరాలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవాడు. ఆ వారంలో ఇంకో కుందేలు, నాలుగు పిట్టలు వచ్చాయి. నాలుగుసార్లు బాణం ఇసకలోకీ వెళ్ళింది. నేను ఇంకేమీ అనలేదు.

పాలు పడ్డాయి. బేబీ ఏడుపులో జోరు వచ్చింది. అక్టోబరు ఆరున నేను ఒక్కర్తినే పంపు గది దాకా నడిచి వెళ్ళి ముసలాయన కాళ్ళకి దండం పెట్టుకుని వచ్చాను. ఏడున మా ఆయన పికప్‌కి చక్రాలు బిగించాడు. జాబితా రాసుకునే ఆయన పిల్ల పేరు అడిగితే ఇంకా పెట్టలేదని చెప్పాం. ఆయన బేబీ అని రాసుకున్నాడు. అదే స్థిరపడిపోయింది.

బాబాయ్ బస్సు దాకా వచ్చాడు గానీ ఎక్కలేదు. “సామిని ఒంటిగా ఇడిసిపెట్టి యాడికి పోను?” అన్నాడు. తుపాకి విల్లు ఏం చేశావని మా ఆయన అడిగితే, ముక్కలు విరిచి బావిలో వేసేశానన్నాడు. బస్సెక్కే చోట సిపాయిలు నిలబడి ఉన్నారు, అందుకని ఎక్కువసేపు మాట్లాడలేదు. బేబీ నుదుటి మీద బొటనవేలు పెట్టి, “పో తల్లీ, మీ ఊరి నీళ్ళు తాగు” అన్నాడు.

బస్సు ఊరు దాటాక కుల్సుమ్ బీ అక్క నా పక్కన కూర్చుని అంతవరకూ మింగుకున్న మాట బయటపెట్టింది. బాబాయ్ ట్యాంకు మీంచి పడలేదు. నాకు జ్వరం వచ్చిన ఆ రోజు ఇద్దరు సిపాయిలు తోటలోకి వచ్చారు. గదులన్నీ వెతుక్కుంటూ నా గది దగ్గరికి వచ్చారు. బాబాయ్ గుమ్మానికి అడ్డం నిలబడి, లోపల బాలింత ఉంది, మగవాళ్ళు అడుగు పెట్టకూడదు అన్నాడు. పొమ్మన్నారు, పోలేదు. తుపాకి మడమతో భుజం మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు అక్కకి లోపలికి వినబడిందట. మోకాళ్ళ మీద కూలబడ్డాడు గానీ గడప వదల్లేదు. రెండో దెబ్బ వేయబోతుంటే పెద్ద బాబా పరిగెత్తుకొచ్చి, జనరేటరు తీసుకుపొమ్మని బతిమాలుకున్నాడు. వాళ్ళలో పెద్దవాడు రెండోవాణ్ణి వెనక్కి లాగి జనరేటరు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాకు చెబితే చంపుతానని బాబాయ్ అక్క చేతా మా ఆయన చేతా ఒట్టు వేయించుకున్నాడు.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషిని నేను బుద్ధి ఉండక్కర్లేదా అని అడిగాను. దారి పొడుగునా, సరిహద్దు గుడారాల్లో, విమానంలో ఆ మాటే చెవుల్లో మోగింది. దేవుడు నాకు ఒక్క అవకాశం ఇచ్చి ఆయన కాళ్ళ దగ్గరికి చేర్చాలని మొక్కుకున్నాను.

దేవుడు విన్నాడు. తొంభై రెండు జనవరిలో బేబీని మా అక్క దగ్గర ఉంచి మళ్ళీ కువైత్ వచ్చాం. మొదటి గురువారమే వఫ్రా వెళ్ళాను. తోట సగం ఎండిపోయి ఉంది. కంచె అవతల మందుపాతరలున్నాయని ఎర్ర గుడ్డలు కట్టారు. వేట మాట ఎత్తేవాడే లేడు. పెద్ద బాబా వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు చిక్కినా గొంతు అదే. నన్ను చూసి, “పది లెక్కపెట్టేవాడు ఏడీ?” అని మా ఆయన కోసం అడిగాడు.

బాబాయ్ టమాటా మడిలో ఎడమ చేత్తో పార పట్టుకుని కాలవ తీస్తున్నాడు. నేను బేబీ ఫోటో ఇచ్చాను. దాన్ని చాలాసేపు చూసి, “బుగ్గలు బాగ వచ్చినాయి” అని మురిసిపోయాడు. నేను ఉండబట్టలేకపోయాను.

“ట్యాంకు మీంచి పడ్డానని నాతో ఎందుకు అబద్ధం చెప్పేవు బాబాయ్? నేను నిన్ను అన్నన్ని మాటలు అంటుంటే ఎలా పడ్డావు?”

“నిజం చెప్పింటే నువ్వు ఆ కూర తినింటావా అమ్మీ?”

నేను ఆలోచించాను. తినేదాన్ని కాదు. నా కోసం ఆయన చెయ్యి పోయిందని తెలిస్తే ఒక్క ముద్ద కూడా గొంతు దిగేది కాదు. ఆ మాటే చెప్పాను.

“అందుకే చెప్పల్యా” అన్నాడు.

ఆ బురదలోనే ఆయన కాళ్ళ మీద పడిపోయాను. లే అమ్మీ, లే, అంటూ నన్ను లేపడానికి ఆయన రెండు చేతులూ చాచబోయాడు. కుడి చెయ్యి లేవలేదు.